ఊరు మారినా పేరు మారని నెట్‌వర్క్ కావాలి

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కంప్యూటర్ నెట్‌వర్కుల మీద వ్యాసం ఏమిటని కొందరు అనుకోవచ్చు. కవితలు, కథలు, అంబేద్కర్ గారి జీవితం, పూర్వ విద్యార్థుల విజయాలు, మెస్ గురించి నాలుగు జోకులు ఉండాల్సిన చోట ఇదెందుకని అడగవచ్చు. మేము చెప్పేది ఒక్కటే. ఈరోజు మన పాఠం, మన స్కాలర్‌షిప్, మన ఫలితాలు, గల్ఫ్‌లో ఉన్న నాయిన మాట, అన్నీ నెట్‌వర్క్ మీదుగానే వస్తున్నాయి. ఆ నెట్‌వర్క్‌ను ఎవరిని దృష్టిలో పెట్టుకొని కట్టారో, రేపు ఎవరిని దృష్టిలో పెట్టుకొని కట్టబోతున్నారో మనం తెలుసుకోవాలి. లేకపోతే వేరేవాళ్ల కొలతలకు కుట్టిన చొక్కా తొడుక్కొని తిరగవలసి వస్తుంది.

ఇంటర్నెట్‌ను కొత్త పద్ధతిలో కట్టాలని ఆలోచించిన శాస్త్రవేత్తలు "అడిగేవాడు కదిలితే ఏం చేయాలి?" అన్న ప్రశ్నకు తేలికైన జవాబు కనిపెట్టారు. "ఇచ్చేవాడు కదిలితే ఏం చేయాలి?" అన్న ప్రశ్న మాత్రం ఇంకా పూర్తిగా తెగలేదు. పెద్ద నగరాల్లో పెద్ద సర్వర్ల పక్కన కూర్చున్నవాళ్లకు ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చు. నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో పుట్టి పెరిగిన మనకు ఇదే మొదటి ప్రశ్న కావాలన్నది మా వాదన.

చిరునామా మీద కట్టిన ఇల్లు

ఇప్పుడున్న ఇంటర్నెట్ చిరునామాల మీద నడుస్తుంది. ప్రతి యంత్రానికీ ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది. "నాకు ఫలానా పాఠం కావాలి" అని నెట్‌వర్క్‌ను నేరుగా అడగలేము. "ఫలానా చిరునామాలో ఉన్న యంత్రంతో నన్ను కలుపు" అనే అడగాలి. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ఈ పద్ధతికి పునాది వేసిన పత్రం ప్రచురించారు. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ ఈ పద్ధతికి మారింది. అప్పటి కంప్యూటర్లు గదుల్లో బిగించిన యంత్రాలు. అవి ఎక్కడికీ పోవు. కాబట్టి యంత్రం ఎవరు, యంత్రం ఎక్కడ ఉంది అన్న రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు సరిపోయింది.

తరవాత కంప్యూటర్ జేబులోకి వచ్చింది. హాస్టల్ వైఫై వదిలి సిమ్ డేటాలోకి వస్తే చిరునామా మారుతుంది. పాత చిరునామాతో మొదలుపెట్టిన సంభాషణ తెగిపోతుంది. ఈ చిరుగుకు అతుకు వేయడానికి 1996లో 'మొబైల్ ఐపీ' అనే ప్రమాణం వచ్చింది. ఊరు విడిచి పోయేవాడు పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసిచ్చి పోతాడు చూడండి, అలాంటిదే ఇది. ఇంటి దగ్గర ఒక ఏజెంటు ఉండి, వచ్చిన ప్యాకెట్లను కొత్త చోటికి పంపిస్తాడు. పని జరుగుతుంది కానీ దారి వంకర అవుతుంది. పక్క పక్క గదుల్లో ఉన్న ఇద్దరి మధ్య మాట కూడా ఎక్కడో దూరాన ఉన్న ఏజెంటు దాకా పోయి రావలసి వస్తుంది.

పేరు పెట్టి అడిగే పద్ధతి

1988లో ఇంటర్నెట్ రద్దీతో కుప్పకూలకుండా కాపాడే ఉపాయం చెప్పిన వాన్ జాకబ్సన్ అనే ఆయనే 2006లో ఒక ఉపన్యాసంలో మరో మాట అన్నారు. జనానికి యంత్రాలతో పని లేదు, వాళ్లకు కావలసింది సమాచారం, కాబట్టి నెట్‌వర్క్ సమాచారం పేరు మీదే నడవాలి అన్నది ఆ మాట సారాంశం. 2009లో ఆయన, పార్క్ పరిశోధనాలయంలోని సహచరులు కలిసి దీన్ని వివరమైన పత్రంగా ప్రచురించారు. దీనికే కంటెంట్ సెంట్రిక్ నెట్‌వర్క్ అని పేరు. 2010లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో 'నేమ్డ్ డేటా నెట్‌వర్కింగ్' అనే పెద్ద ప్రాజెక్టు మొదలైంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లిక్సియా జాంగ్ దాన్ని నడిపించినవారిలో ముఖ్యులు.

ఈ పద్ధతి పని చేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. ఇందులో రెండే రకాల ప్యాకెట్లు ఉంటాయి. ఒకటి "ఇది కావాలి" అనే చీటీ. రెండోది "ఇదిగో" అనే జవాబు. దారిలో ఉండే ప్రతి రూటరు దగ్గరా మూడు పుస్తకాలు ఉంటాయనుకోండి. మొదటిది నకళ్ల పుస్తకం. ఇంతకుముందు తన మీదుగా పోయిన సమాచారం కాపీలు అందులో ఉంటాయి. రెండోది బాకీల పుస్తకం. ఎవరెవరు ఏమేమి అడిగారో, ఇంకా ఎవరికి ఇవ్వాలో అందులో రాసి ఉంటుంది. మూడోది దారుల పుస్తకం. ఫలానా పేరుతో మొదలయ్యే సమాచారం కావాలంటే చీటీని ఏ దిక్కుకు పంపాలో అది చెబుతుంది. చీటీ రాగానే రూటరు నకళ్లలో వెతుకుతుంది. ఉంటే అక్కడే ఇచ్చేస్తుంది. లేకపోతే బాకీ రాసుకొని చీటీని ముందుకు పంపుతుంది. ఒకే చీటీ పది మంది నుంచి వచ్చినా ముందుకు పోయేది ఒక్కటే. జవాబు వచ్చినప్పుడు బాకీల పుస్తకం చూసి పది మందికీ పంచుతుంది.

మన హాస్టల్ లెక్కలోనే చూద్దాం. వంద మంది విద్యార్థులు ఒక 200 ఎంబీ పాఠం వీడియో చూస్తే ఇప్పటి పద్ధతిలో దూరపు సర్వరు నుంచి మొత్తం 20,000 ఎంబీ రావాలి. పేరు పద్ధతిలో 200 ఎంబీ ఒక్కసారి వస్తే చాలు, మిగతాది హాస్టల్ రూటరు నుంచే అందుతుంది. నిజాంసాగర్ కాలువ కింద చివరి ఆయకట్టు రైతు బాధ మనకు తెలియనిది కాదు. పైనుంచి నీళ్లు వదిలి, అందరి పొలాలూ తడిసి, తన వంతు వచ్చేదాకా ఎదురుచూడాలి. మధ్యలో ఊరి చెరువు నిండి ఉంటే ఆ బాధ సగం తగ్గుతుంది. రూటరులోని నకళ్ల పుస్తకం అలాంటి చెరువే.

కాపీ ఎవరి దగ్గరో దొరికితే నమ్మేది ఎలా? అందుకని ప్రతి సమాచారం మీదా దాన్ని తయారుచేసినవాడి డిజిటల్ సంతకం ఉంటుంది. సర్టిఫికెట్ల జిరాక్సుల మీద గెజిటెడ్ అధికారి సంతకం కోసం మనం ఎన్ని ఆఫీసులు తిరిగామో గుర్తు చేసుకోండి. ఆ సంతకం ఉంటే జిరాక్సు కూడా చెల్లుతుంది. ఇక్కడ ఆ సంతకం సమాచారంతోనే పుడుతుంది, దాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఇక అడిగేవాడు కదిలితే ఏమవుతుందంటే, పెద్దగా ఏమీ కాదు. కొత్త చోటి నుంచి అదే పేరుతో మళ్లీ చీటీ వేస్తాడు. సగం దారిలోనే కాపీ దొరుకుతుంది. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య రేషన్ కార్డు పోర్టబిలిటీ మొదలైంది గదా, అచ్చం అలాంటిదే. కార్డు ఉన్నవాడు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. దుకాణం కదలదు కాబట్టి ఈ పని తేలికైంది.

ఇచ్చేవాడు కదిలితే

దుకాణమే కదిలితే? ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో రేషన్ బండ్లు మొదలుపెట్టారు. 9,260 వాహనాలు వీధి వీధికీ తిరిగి సరుకులు ఇవ్వాలన్నది ఏర్పాటు. 2025 జూన్‌లో ఆ పద్ధతి ఆపి మళ్లీ దుకాణాల ద్వారానే ఇవ్వడం మొదలుపెట్టారు. ఏది మంచిదన్న రాజకీయ చర్చలోకి మేము పోవడం లేదు. మాకు కావలసిన పాఠం ఒకటే. ఇచ్చేవాడు కదులుతుంటే, వాడు ఈ గంటలో ఎక్కడ ఉన్నాడో అడిగేవాళ్లందరికీ తెలిసే ఏర్పాటు కూడా ఉండాలి.

నెట్‌వర్క్‌లో సరిగ్గా ఈ చిక్కే వస్తుంది. దారుల పుస్తకాలన్నీ పాత చోటునే చూపిస్తుంటాయి. చీటీలు అక్కడికి పోయి, జవాబు లేక, గడువు తీరి చనిపోతాయి. బోధన్ వాళ్లకు దీన్ని ఇంకో రకంగా చెప్పవచ్చు. 1937లో పుట్టి, ఆసియాలోనే పెద్దదిగా పేరుపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబరులో లే-ఆఫ్‌తో మూతపడింది. చుట్టుపక్కల ఊళ్ల బండి బాటలన్నీ దశాబ్దాలుగా శక్కర్‌నగర్ వైపే చూపించేవి. ఒక్కసారిగా ఆ దిక్కున తీసుకునేవాడు లేడు. నరికిన చెరకు ఆగదు, ఆలస్యమైన కొద్దీ బరువూ తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. బాట అలాగే ఉంది, బాట చివర ఉండాల్సినవాడు లేడు. దారుల పుస్తకం పాతబడటమంటే ఇదే.

మన దగ్గర కదిలేది ఎవరు?

నెట్‌వర్క్ పుస్తకాల్లో 'కంటెంట్ ప్రొవైడర్' అంటే చల్లని గదిలో వరసగా నిలబెట్టిన సర్వర్లు గుర్తొస్తాయి. అవి కదలవు. కానీ సమాచారం ఇచ్చేవాళ్లు వాళ్లేనా? సౌదీలో, దుబాయిలో, ఖతర్‌లో ఒక క్యాంపు నుంచి మరో క్యాంపుకు మారే మన ఊరి మనిషి ఇంటికి పంపే వీడియో కంటెంటే. తోట తోటకూ మకాం మార్చే చెరకు నరికే ముఠాలోని అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసిన పాట కంటెంటే. నడుస్తున్న 108 బండి లోపలి నుంచి పెద్దాసుపత్రికి పంపే గుండె రిపోర్టు కంటెంటే. ప్రీ మెట్రిక్ హాస్టల్ నుంచి పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌కు, అక్కడి నుంచి విశ్వవిద్యాలయ హాస్టల్‌కు ట్రంకుపెట్టె మోసుకుంటూ పోయే మనం తయారుచేసే నోట్సు, పాఠాలు, ప్రాజెక్టులు కూడా కంటెంటే.

స్థిరమైన చిరునామా ఆస్తి ఉన్నవాడికి ఉంటుంది. మనకు ఉన్నది పేరు. అద్దె ఇల్లు మారుతుంది, హాస్టల్ మారుతుంది, సిమ్ మారుతుంది. పదో తరగతిలో ఇచ్చిన ఫోన్ నంబరు ఒకటి, డిగ్రీలో వాడే నంబరు మరొకటి. దరఖాస్తు ఆఖరు తేదీ నాడు ఓటీపీ మాత్రం పాత నంబరుకే పోతుంది. ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలియదు. మాలో ఎంతోమంది ఈ బాధ పడినవాళ్లమే. మనిషినీ మనిషి చిరునామానూ ఒకటిగా కట్టేసిన ఏర్పాటు ఎక్కడున్నా నష్టపోయేది కదిలేవాడే. కాబట్టి ఇచ్చేవాడు కదలడం అన్నది అరుదైన సందర్భం కాదు. మన ప్రాంతంలో అదే మామూలు సందర్భం.

ఇప్పటిదాకా తోచిన దారులు

శాస్త్రవేత్తలు ఈ చిక్కును పట్టించుకోలేదని మేము అనడం లేదు. లిక్సియా జాంగ్ బృందం 2016లో ఒక సమీక్ష పత్రంలో అప్పటిదాకా వచ్చిన ఉపాయాలను వరసలో పెట్టింది. వాటిని మన మాటల్లో చెప్పుకుందాం.

మొదటిది రిజిస్టరు పద్ధతి. కదిలేవాడు తాను ఎక్కడున్నాడో ఒకచోట రాయించాలి. అడిగేవాడు ముందు ఆ రిజిస్టరు చూసి తరవాత చీటీ వేయాలి. మన సెల్‌ఫోన్లు ఇలాగే నడుస్తున్నాయి. మన సిమ్ ఇప్పుడు ఏ ప్రాంతంలో ఉందో కంపెనీ దగ్గరి రిజిస్టరులో ఎప్పటికప్పుడు నమోదవుతుంది. 2011 జనవరిలో దేశమంతటా వచ్చిన నంబర్ పోర్టబిలిటీ కూడా ఒక రిజిస్టరు పుణ్యమే. కంపెనీ మారినా నంబరు మారదు. 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా నంబరు మారనక్కరలేదు.

రెండోది జాడ వదిలే పద్ధతి. 2018లో వచ్చిన 'కైట్' అనే పద్ధతిలో కదిలేవాడు ఒక స్థిరమైన చోటు వైపు తానే చీటీలు వేస్తుంటాడు. ఆ చీటీలు పోయిన దారిలో జాడ మిగులుతుంది. అడిగేవాడి చీటీ ఆ జాడను ఎక్కడ తాకితే అక్కడి నుంచే కదిలేవాడి వైపు మళ్లుతుంది. అదే ఏడాది సిస్కో, ఫ్రాన్స్ పరిశోధకులు ప్రచురించిన 'మ్యాప్-మీ' పద్ధతిలో స్థిరమైన చోటు కూడా అక్కరలేదు. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సులో ఒకరు ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారనుకుందాం. ఎడపల్లి చేరగానే ఆ ఫోన్ తన పాత చోటు వైపు "నేను ఇటు వచ్చాను" అని ఒక సందేశం పంపుతుంది. ఆ దారిలో ఉన్న రూటర్లన్నీ తమ దారుల పుస్తకంలో బాణం గుర్తును ఇటు తిప్పుకుంటాయి. ప్రతి సందేశానికీ వరస సంఖ్య ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన పాత సందేశం కొత్తదాన్ని చెరపకుండా పెద్ద సంఖ్య ఉన్నదే చెల్లుతుంది. ప్రపంచంలోని రూటర్లన్నిటికీ కబురు చేయనక్కరలేదు, దారిలో ఉన్న కొన్ని తిరిగితే చాలు. మరీ ఎక్కువసార్లు కదిలితే దారి కొంత వంకర పోతుంది. అప్పుడప్పుడు దాన్ని సరిచేసుకోవాలి.

మూడోది గోదాము పద్ధతి. కదిలేవాడు తన సరుకును కదలని చోట దించి పోతాడు, అడిగేవాళ్లు అక్కడే తీసుకుంటారు. నాలుగోది చోటు పద్ధతి. కొన్ని సమాచారాలకు మనిషితో పని లేదు, చోటుతోనే పని. "నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఈపూట పసుపు ధర" అన్న పేరుకు ఆ యార్డులో ఉన్న ఏ రైతు ఫోన్ అయినా జవాబు చెప్పవచ్చు. ఒకరు వెళ్లిపోతే మరొకరు చెబుతారు.

యూట్యూబ్ ఉంది గదా?

గోదాము పద్ధతి వినగానే, ఇది ఇప్పటికే ఉంది గదా అని మీరు అనవచ్చు. యూట్యూబ్ 2005లో వచ్చింది. ఫోన్‌లో తీసిన వీడియో దాంట్లో పెడతాం, మనం ఎక్కడికి పోయినా అది అక్కడే ఉంటుంది. పెద్ద కంపెనీలు ఊరూరా కాపీలు పెట్టుకొని వేగంగా అందిస్తున్నాయి కూడా. ఇక కొత్త నెట్‌వర్క్ ఎందుకు?

ఈ వాదనలో బలం ఉంది. రికార్డు చేసిన పాఠానికి, పాటకు గోదాము మంచి పద్ధతే. 2020 సెప్టెంబరు 1 నుంచి కరోనా కాలంలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా వచ్చిన పాఠాలు హాస్టళ్లు మూతపడిన రోజుల్లో మనలో ఎందరినో చదువుకు దూరం కాకుండా ఆపాయి. ఒక చోటి నుంచి అందరికీ ఇవ్వడంలో ఉన్న మేలు మాకు తెలుసు.

అయినా మూడు కారణాల వల్ల అది చాలదంటాం. మొదటిది, ఆ క్షణంలో పుట్టే సమాచారానికి గోదాము ఆలస్యం. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగాయి, మళ్లీ 2027లో రావాలి. కందకుర్తి సంగమంలో పడవ మీద తిరిగే పోలీసు కెమెరా దృశ్యం ఒడ్డున ఉన్న కంట్రోల్ రూముకు కావాలంటే ఎక్కడో ఉన్న గోదాముకు పోయి రావడం ఎందుకు? రెండోది, ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నా మాట సముద్రాలు దాటి రావచ్చు. బయటి లైను తెగితే హాస్టల్ పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు కూడా వీడియో రాదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గోదాములో సరుకు దించినవాడు అద్దెకున్నవాడితో సమానం. పేరు గోదాము యజమానిది, తాళం యజమానిది, ఎవరికి ముందు చూపించాలన్న నిర్ణయం యజమానిది. ఖాతా మూసేస్తే పేరూ పోతుంది, పేరుతో పాటు చూసేవాళ్లూ పోతారు.

మరో వైపు నుంచి కూడా ఒక విమర్శ వస్తుంది. పదిహేనేళ్లకు పైగా పత్రాలు రాస్తున్నారు గానీ ఇంటర్నెట్ ఇంకా ఐపీ మీదే నడుస్తోంది గదా అంటారు. నిజమే. పార్క్ సంస్థ తన పనిని 2017లో సిస్కోకు అమ్మింది. 2019 జూలైలో ఈ పద్ధతి నియమాలు ఆర్ఎఫ్‌సీలుగా వచ్చినా, ప్రయోగ దశవిగానే వచ్చాయి. కానీ ఆలోచనలు మాత్రం ఒక్కొక్కటిగా ఇప్పటి ఇంటర్నెట్‌లోకి వస్తున్నాయి. 2021 మేలో వచ్చిన 'క్విక్' ప్రమాణాన్నే చూడండి. వైఫై నుంచి సిమ్ డేటాకు మారినా సంభాషణ తెగకుండా ఉండటానికి, చిరునామాతో సంబంధం లేని ఒక గుర్తింపు సంఖ్యను అది వాడుతుంది. ఎంత మంచి సంగతి! కానీ ఆ ప్రమాణం మొదటి రూపంలో సంభాషణ మధ్య అలా చోటు మారే హక్కు అడిగే పక్షానికే ఇచ్చారు. ఇచ్చే పక్షం, అంటే సర్వరు, మొదట్లో తనకు నచ్చిన మరో చిరునామా ఒకటి చెప్పుకోవచ్చు, అంతే. ఇచ్చేవాడు కదలడన్న ఊహ కొత్త ప్రమాణంలోకి కూడా వచ్చి కూర్చుంది. ఆ ఊహ చేసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల చుట్టూ ఉన్న ఇచ్చేవాళ్లు కదలనివాళ్లు, అంతే. మన చుట్టూ ఉన్నవాళ్లను ఆ బల్ల ముందుకు తీసుకుపోవలసింది మనమే.

ఎలాంటి పద్ధతి కావాలి?

మా దృష్టిలో మంచి పద్ధతికి నాలుగు గుర్తులు ఉండాలి.

ఒకటి, పేరు కదిలేవాడి సొంతం కావాలి. ఏ టవరు కింద ఉన్నా, ఏ కంపెనీ సిమ్ వేసుకున్నా, ఏ దేశంలో ఉన్నా అదే పేరుతో అతని సమాచారం దొరకాలి. నంబర్ పోర్టబిలిటీ ఫోన్ నంబరుకు ఏ హక్కు ఇచ్చిందో ఆ హక్కు సమాచారం పేరుకూ కావాలి.

రెండు, "నేను ఇటు వచ్చాను" అన్న ప్రతి సందేశం మీదా సంతకం తప్పనిసరి కావాలి. లేకపోతే ఎవడో ఒకడు మన పేరు చెప్పి చీటీలన్నీ తన వైపు తిప్పుకుంటాడు. ఒక రైతు పేరు మీద వచ్చిన కటింగ్ ఆర్డరుతో ఇంకొకరి చెరకు ఫ్యాక్టరీలోకి పోతే ఎవరికి నష్టమో వేరే చెప్పనక్కరలేదు.

మూడు, కదిలేవాడి జాడ అందరికీ తెలియకూడదు. రిజిస్టరు పద్ధతిలో మాకు ఉన్న పెద్ద అభ్యంతరం ఇదే. గల్ఫ్‌లో యజమాని పెట్టే బాధలు పడలేక బయటికి వచ్చి 'ఖల్లివెల్లి' అయినవాడు ఇంటికి తన ముఖం చూపించాలి. కానీ తాను ఏ వీధిలో ఉన్నాడో అడిగిన ప్రతివాడికీ చెప్పే నెట్‌వర్క్ అతనికి ఉరితాడు. జాడ వదిలే పద్ధతిలో ఒక్కొక్క రూటరుకు పక్క అడుగు మాత్రమే తెలుస్తుంది కాబట్టి ఇది కొంత మేలు. అయితే చీటీల మీద పేర్లు రూటర్లకు కనిపిస్తాయి. ఎవరు ఏం అడుగుతున్నారో పసిగట్టే వీలు అక్కడ ఉంది. ఆ పేర్లను దాచే పని కూడా జరగాలి.

నాలుగు, ఖర్చు నెట్‌వర్క్ మోయాలి, కదిలేవాడు కాదు. పాత ఫోను, సగం చార్జింగు, రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉన్నవాడి నుంచి ఒక కాపీ తీసుకున్నాక, రెండో మనిషి అడిగితే దారిలోని రూటరే ఇవ్వాలి.

ఈ నాలుగూ చూస్తే, జాడ వదిలే పద్ధతిని ముఖ్యంగా పెట్టుకొని, రికార్డు చేసిన సరుకుకు గోదామును, ధరలూ వానలూ లాంటి వాటికి చోటు పద్ధతిని జోడించడం మంచిదని మాకు తోస్తోంది. ఒక్క పద్ధతే అన్నిటికీ చాలదు. పేర్లు కోట్లలో పెరిగితే రూటర్ల దారుల పుస్తకాలు అంతంత బరువును ఎలా మోయాలన్నది కూడా తేలవలసిన విషయమే. అది మన తరం చేయవలసిన పని.

మనం చేయగలిగింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అనగానే అమీర్‌పేట పోయి, డబ్బులు కట్టి, సీడీ తెచ్చుకునే అలవాటు మన సీనియర్ల కాలం నుంచీ ఉంది. లైబ్రరీ మేనేజ్‌మెంట్, పేరోల్ సిస్టమ్ ఎన్నిసార్లు చేసినా మనకు వచ్చేది మార్కులే. ఆ డబ్బు మిగిల్చుకోండి. ఎన్‌డీఎన్‌సిమ్ అనే సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. కైట్, మ్యాప్-మీ పత్రాలు చదవండి. ఇంగ్లిషు కష్టంగా ఉంటే నలుగురు కలిసి స్టడీ అవర్‌లో రోజుకో పేజీ చదవండి. తరవాత మన దారిని సిమ్యులేటర్‌లో గీయండి. నిజామాబాద్, జానకంపేట, ఎడపల్లి, బోధన్ అని నాలుగు రూటర్లు పెట్టి, ఒక ఫోనును బస్సు వేగంతో నడిపించండి. ఎన్ని చీటీలు చనిపోయాయి, బాణం తిరగడానికి ఎంతసేపు పట్టింది, దారి ఎంత వంకర పోయిందో లెక్కపెట్టండి. విదేశీ పత్రాల్లోని లెక్కలకు మన దారి మీది లెక్క ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మీ ప్రాజెక్టు మొదలవుతుంది.

అన్నలకూ, అక్కలకూ ఒక మనవి. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో ఉన్న పూర్వ విద్యార్థులు వాడకుండా పక్కన పెట్టిన కంప్యూటర్ ఒకటి మన హాస్టల్‌కు ఇస్తే, పాఠాల కాపీలు ఉంచే చెరువుగా దాన్ని మార్చుకుంటాం. దాంట్లో ప్రతి పాఠానికీ హాస్టల్ పేరుతో ఒక పేరు పెడదాం. ఎవరు తయారుచేశారో వాళ్ల సంతకం దాని మీదే ఉంచుదాం. వాళ్లు రేపు ఢిల్లీలో ఉన్నా దోహాలో ఉన్నా ఆ పేరు వాళ్లదే. నెలకు ఒక ఆదివారం ఒక గంట ఫోన్‌లో నెట్‌వర్కుల పాఠం చెప్పగలిగినవాళ్లు కూడా ముందుకు రావాలి. పుస్తకాల్లో లేని సంగతులు అనుభవం ఉన్నవాళ్ల దగ్గరే దొరుకుతాయి.

వార్డెన్ గారికీ, శాఖ అధికారులకూ మా కోరిక చిన్నది. హాస్టల్ విద్యార్థి వివరాలకు అతని అడ్మిషన్ నంబరునే ఆధారం చేయండి. మారిపోయే ఫోన్ నంబరును ఆధారం చేయకండి. ఫోన్ మారితే మార్చుకునే వీలు హాస్టల్‌లోనే, వార్డెన్ సంతకంతో, అదే రోజు దొరికేలా చూడండి. దీనికి కొత్త ఇంటర్నెట్ వచ్చేదాకా ఆగనక్కరలేదు. వచ్చే విద్యాసంవత్సరం దరఖాస్తుల నాటికే చేయవచ్చు.